నలుగురి క్యారేజీ

మొన్న మా పక్కింటి సత్యవేణి కూతురు హారికకి ఇంజనీరింగు సీటొచ్చింది. రాజమండ్రి దాటాక పెద్దరోడ్డు పక్కనున్న కాలేజీ. పిల్లని దింపడానికి వెళ్తూ, "మీకు ఆ కాలేజీ తెలుసు కదండీ, కాస్త తోడు రండి" అంది సత్యవేణి. వెళ్ళాను. మనిషి దగ్గరికి రాగానే వాటంతటవే తెరుచుకునే అద్దాల తలుపులు, లిఫ్టు, బయట ఎండ మండిపోతున్నా లోపల కొంగు కప్పుకోవాల్సినంత చల్లదనం, నాలుగు రకాల కూరలు వరసగా పెట్టి ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకునే పెద్ద భోజనాల హాలు. సత్యవేణి అడుగడుగునా ఆగిపోయి చూస్తోంది. నేను మాత్రం ఆ హాలు పక్క నుంచి నడిచి, ఎడమకి తిరిగి, ఎవరినీ దారి అడక్కుండా వెనకాలున్న పాత ఆడపిల్లల హాస్టలు దగ్గరికి తీసుకెళ్ళిపోయాను. హారిక నన్ను వింతగా చూసి, "ఆంటీ, మీరు ఇక్కడ చదువుకున్నారా?" అంది.

"చదువుకోలేదమ్మా, వండాను," అన్నాను.

ఆ పిల్ల నవ్వేసి ఊరుకుంది. నాకు మాత్రం ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. రాత్రి అన్నం తిన్నాక అలమర పైఅరలో ఉన్న నాలుగు గిన్నెల క్యారేజీ వైపే చూస్తూ కూర్చున్నాను. అది మా పుట్టింటివాళ్ళు సారెలో పెట్టింది. పైమూత వంకరపోయింది, ఇప్పటికీ సరిగా పట్టదు. పొద్దున సత్యవేణి "మొదటిరోజుకి ఏదైనా క్యారేజీ ఇస్తారా" అని అడిగితే మూడు గిన్నెలది తీసిచ్చాను గానీ, దీన్ని ఇవ్వడానికి చెయ్యి రాలేదు.

నా చదువు ఏడో తరగతి. ఉత్తరం రాసుకునేపాటి వస్తే చాల్లే అని మా నాన్న మాన్పించేశాడు. పందొమ్మిదో ఏట నన్ను మండపేట పక్కన ఇచ్చారు. మా మామగారు రైసుమిల్లులో ఫిట్టరు, మా ఆయన అదే మిల్లు లారీకి డ్రైవరు. ఇల్లు మిల్లు వెనక వీధిలో. ధాన్యం ఉడికించే వాసన ఇరవైనాలుగు గంటలూ ఇంట్లోనే ఉండేది. ఆరేసిన బట్టల మీద నల్లటి ఊకబూడిద రాలేది. మొదట్లో అబ్బా అనిపించినా నెల తిరిగేసరికి ఆ వాసన లేకపోతే తెల్లవారినట్టు ఉండేది కాదు. ఇంట్లో పదిమందిమి. మా అత్తగారు అందరూ తిన్నాక ఆఖర్న, వంటింటి గడప పక్కన పీట వేసుకుని తినేవారు. ఆవిడకి ఒక అలవాటు ఉండేది. మిల్లు నుంచి మగవాళ్ళ క్యారేజీలు తిరిగొస్తే మమ్మల్ని కడగనిచ్చేవారు కాదు. ముందు తనే ఒక్కో గిన్నె మూత తీసి చూసేవారు. ఏ గిన్నెలో ఎంత మిగిలిందో చూసి, "పెద్దాడికి ఒంట్లో బాగోలేదు", "మీ మామయ్యకి మేనేజరుతో మాట పడింది" అని చెప్పేవారు. సాయంత్రం వాళ్ళొచ్చాక చూస్తే నిజమే అయ్యేది. మనిషి నోటితో ఎంతైనా చెప్తాడు గానీ గిన్నె ఉన్నదే చెప్తుంది అనేవారు ఆవిడ. ఆ ఇంట్లో నేను మొదట నేర్చుకున్న పాఠం అది.

మా ఆడపడుచు పేరు మంగతాయారు. మంగ అనేవాళ్ళం. నాకన్నా రెండేళ్ళు చిన్న. నా పెళ్ళయిన ఏడాదే దానికి ఇంజనీరింగులో సీటొచ్చింది, సివిల్లో. మా వీధిలో మొగపిల్లలకే రాని సీటు. ఇంట్లో నాలుగు రోజులు వాదన జరిగింది. మా మామగారి అన్నగారు "ఆడపిల్లకి ఇళ్ళు కట్టే చదువేంట్రా, ఉన్న సంబంధం పోతుంది" అన్నారు. చివరికి మా అత్తగారే తేల్చారు. "శివరాత్రి దాకా చూద్దాం. ఉండగలిగితే ఉంటుంది. దిగులు పెట్టుకుంటే తీసుకొచ్చేసి ఆ సంబంధం చేసేద్దాం," అన్నారు. అదీ గడువు. కాలేజీవాళ్ళిచ్చిన రంగుల పుస్తకంలో ఆడపిల్లల హాస్టలు బొమ్మ ఉంది, ముందు గులాబీలతో సహా. దసరా వెళ్ళాక మేం ముగ్గురం, అంటే మంగా, మా ఆయనా, నేనూ, ట్రంకుపెట్టెతో వెళ్ళి చూస్తే హాస్టలు ఉండాల్సిన చోట పిల్లర్లు నిలబడున్నాయి. వాటి నెత్తి మీద ఊచలు ఆకాశంలోకి చూస్తున్నాయి. ఆఫీసులో అతను "వచ్చే ఏడాదికి రెడీ అండి, అందాకా బయట రూము చూసుకోండి" అన్నాడు.

అయినా ఆ మొదటిరోజు మంగ మొహం నాకు ఇప్పటికీ గుర్తే. కాలేజీ అంతా తిప్పి చూపించారు. కంప్యూటర్ల గది ముందు చెప్పులు విప్పించారు. లోపల ఐసు పెట్టెలో కాలు పెట్టినట్టుంది. కంప్యూటర్లకి, మా అత్తగారు కుట్టుమిషనుకి కప్పినట్టు, ఒక్కోదానికీ ఒక్కో గుడ్డ కప్పి వరసగా పెట్టారు. మంగ గుడ్డ అంచు కొంచెం ఎత్తి చూసి, ఎవరైనా చూశారేమోనని మళ్ళీ కప్పేసింది. లైబ్రరీలో పుస్తకాల కన్నా నాకు ఫ్యాన్లు ఎక్కువ కనిపించాయి. పాఠం పేరు వర్కుషాపు అన్నారు గానీ అది అచ్చం మా మిల్లు షెడ్డే, కిరసనాయిలూ ఇనప రజనూ కలిసిన వాసన. అక్కడ మాత్రం మంగ నోరు తెరిచింది. బెంచీకి బిగించి ఉన్న ఇనప పట్టకారులాంటిదాన్ని చూపించి, "వదినా, ఇది నాన్న దగ్గరుండేలాంటిదే" అంది సంతోషంగా. చివర్న ఆడపిల్లల వెయిటింగ్ రూము, దాని వరండాలో చల్లటి నీళ్ళ కూలరు. మీట నొక్కితే నీళ్ళొచ్చాయి. ముగ్గురం తాగాం. మా ఆయన రెండుసార్లు తాగి, "ఈ నీళ్ళకోసమైనా ఇక్కడ చదవొచ్చే మంగా" అన్నారు.

లారీ మీద ఆ రోడ్డున తిరిగే మా ఆయన అలా ఎందుకన్నారో మర్నాడు తెలిసింది. కాలేజీ గేటుకి ఎదురుగా ఒక ఇంటి కింద గది దొరికింది మాకు. ఇంటివాళ్ళు రాజమండ్రిలో ఉంటారు, పైవాటా తాళం. అది కాలవలున్న నేల కాదు. ఎర్రమట్టి, జీడిమామిడి తోటలు, ఎటు చూసినా గాలి. బోరునీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళతో పప్పు పొయ్యి మీద పెడితే మధ్యాహ్నానికి కూడా పలుకు పలుకుగానే ఉంది. పెళ్ళయ్యాక నేను వండి పాడుచేసిన మొదటి పప్పు అది. ఆ సాయంత్రం నేను కళ్ళు తుడుచుకోవడం మంగ చూసింది. మర్నాటి నుంచి రెండు సీసాలు పుస్తకాల సంచిలో పెట్టుకెళ్ళి, కూలర్ నీళ్ళు పట్టి తెచ్చేది. ఆ నీళ్ళతో పప్పు వెన్నలా ఉడికేది. అలా, కాలేజీలో నాకు అందిన సౌకర్యం రోజుకి రెండు సీసాలు.

మంగకి వండిపెట్టడానికి నన్ను తోడుంచి మా ఆయన వెళ్ళిపోయారు. పెళ్ళయి ఐదు నెలలు. లారీ ఈ రోడ్డునే విశాఖపట్నం వైపు వెళ్ళినప్పుడు ఆగుతానన్నారు. ఆగారు కూడా, రెండుసార్లు. మొదటిసారి బియ్యం మూట దింపి, గ్లాసు మజ్జిగ నిలబడే తాగి, క్లీనరు హారను కొడుతుంటే వెళ్ళిపోయారు. రెండోసారి నేను పెరట్లో బోరు దగ్గర బట్టలు ఉతుక్కుంటున్నాను. వచ్చేసరికి గుమ్మంలో కూరగాయల సంచి ఉంది, మనిషి లేడు. ఆ సంచిని చాలాసేపు విప్పలేదు నేను.

పదిమంది ఇంట్లో నుంచి వచ్చినదానికి పగలంతా ఒక్కదాన్నే ఆ గదిలో ఉండటం ఎలా ఉండేదో చెప్పడం కష్టం. మంగ తొమ్మిదింటికి గేటు దాటి వెళ్ళిపోతే మళ్ళీ సాయంత్రమే. నాకు కాలేజీ అంటే గంట ఒక్కటే. గంట గంటకీ గణగణ మోగేది. మొదటి గంటకి అంట్లు, రెండో గంటకి బట్టలు, మూడో గంటకి ఊడ్చిందే మళ్ళీ ఊడవడం. మధ్యాహ్నం గంట కొట్టాక గేటులోంచి పిల్లల నవ్వులు వినిపించేవి. వాటిలో మంగ గొంతు ఉందేమోనని కిటికీ దగ్గర నిలబడేదాన్ని. సాయంత్రం అది వచ్చి "వదినా" అని పిలిస్తే, పొద్దుట్నుంచీ వాడని గొంతు కదా, మొదటి మాట జీరగా వచ్చేది. ఆరేసిన చీర మీద చెయ్యి వేసి చూసుకునేదాన్ని. బూడిద ఉండేది కాదు. శుభ్రంగా ఉన్న ఆ చీరని చూస్తే ఏడుపొచ్చేది.

మంగ మాత్రం సాయంత్రాలు బోలెడు కబుర్లు చెప్పేది. ఒకేసారి పాతికమంది కూర్చుని గీసే డ్రాయింగు హాలు, ఎత్తు స్టూళ్ళు, క్యాంటీన్‌లో సమోసాలు. వారం తిరక్కుండానే స్నేహితులు కూడా వచ్చేశారు. రాధిక, శ్రీవల్లి, హైదరాబాదు నుంచి వచ్చిన సుష్మ. నలుగురూ కలిసే తింటారట. ఆ మాట వినగానే నాకు సిగ్గేసింది. నేను పెడుతున్నది రెండు గిన్నెల చిన్న క్యారేజీ. నలుగురు కూర్చున్నచోట మా ఇంటి పిల్ల తన గిన్నె ఒక్కటే విప్పుకుని తినడమా? మా అత్తగారికి తెలిస్తే నన్నేమంటారు? మర్నాడే సారె క్యారేజీ తీశాను. కింద గిన్నెలో అన్నం దట్టించి, పైన పప్పు, వేపుడు, ఆ పైన పులిహోరో దద్దోజనమో. నలుగురికి సరిపడా. సాయంత్రానికి క్యారేజీ ఖాళీ. ఖాళీయే కాదు, కడిగి తుడిచి మరీ వచ్చేది.

"ఏమన్నారే మీ వాళ్ళు?" అని అడిగేదాన్ని ఆశగా.

"గోంగూరలో ఇంకో రెండు పచ్చిమిర్చి పడాలంది సుష్మ. కారం ఎక్కువ తింటుందిలే."

"హైదరాబాదు పిల్లకి అంత కారమా?"

"ఏమో వదినా. అన్నం అయితే మాత్రం ఒక్క మెతుకు వదలదు."

దాని కబుర్లు విన్నాక నేను మాత్రం ఏం చెప్పను? పగలంతా గంటలు లెక్కపెట్టానని చెప్పనా? పైవాటా పిన్నిగారు వచ్చారని, మధ్యాహ్నం ఇద్దరం అష్టాచెమ్మా ఆడామని చెప్పేదాన్ని. లేని పిన్నిగారికి మోకాళ్ళ నొప్పులు కూడా పెట్టాను. "ఎలా ఉన్నాయి పిన్నిగారి మోకాళ్ళు?" అని మంగ అడిగితే, "ఇవాళ కాస్త నయం" అనేదాన్ని. ఆదివారాలు రోడ్డు మీది ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి మిల్లు నంబరుకి ఫోను చేసేదాన్ని. మా అత్తగారు వచ్చి కూర్చుని ఉండేవారు. "పిల్ల తింటోందా అమ్మాయ్?" అన్నది ఆవిడ మొదటి మాట. "తింటోందండి అత్తయ్యగారు. నలుగురు కలిసి తింటున్నారు. క్యారేజీ ఖాళీగా వస్తోందండి," అనేదాన్ని. అవతల ఆవిడ ఊపిరి వదలడం వినిపించేది.

రథసప్తమి వెళ్ళిన వారం అనుకుంటాను. మంగ డ్రాయింగు బోర్డు చంకలో, చుట్టిన షీట్లు ఇంకో చేతిలో పట్టుకుని పరిగెత్తే హడావుడిలో క్యారేజీ మర్చిపోయింది. మధ్యాహ్నం గంట కొట్టారు. నలుగురు పిల్లలు ఆకలితో కూర్చుంటారని నేనే పట్టుకెళ్ళాను. గేటు దగ్గర వాచ్‌మన్ "స్టూడెంట్స్‌కే అండి లోపలికి" అన్నాడు. క్యారేజీ చూపించి బతిమాలితే పంపాడు. వెయిటింగ్ రూములో పాతికమంది ఆడపిల్లలున్నారు, చుడీదార్లలో, ఇంగ్లీషులో గలగలా. మంగ లేదు. వరండాలో కూలరు పక్కన చీపురు పట్టుకుని ఒకావిడ కూర్చుంది, మా అమ్మ వయసుంటుంది. నా చేతిలో క్యారేజీ చూడగానే లేచి, చనువుగా అందుకోబోయింది.

"ఏంటమ్మా ఈయేళ ఇంకా రాలేదని సూత్తన్నాం. మీరు మంగమ్మగారి వదినగారా అండి?"

"అవునండి. మీకెలా తెలుసు?"

"క్యారేజీ తెలీదేంటండి? రోజూ తింటన్నదే కదా. మీ సెయ్యి మంచిదండి బాబూ. గోంగూరలో కాస్త పచ్చిమిర్చి తగ్గుద్దంతే."

"మరి సుష్మ... రాధిక..." అన్నాను.

"ఆళ్ళెవరండి?" అందావిడ.

ఆవిడ పేరు నూకరత్నం. కాలేజీలో ఊడ్చే మనిషి. నన్ను వెనకాల కడుతున్న హాస్టలు దగ్గరికి తీసుకెళ్ళింది. కింద అంతస్తుకి స్లాబు పడింది, గోడలు ఇంకా లేవు. ఒక పిల్లరుకి ఆనుకుని, సిమెంటు బస్తా పరుచుకుని కూర్చుంది మంగ. పక్కన గమేళాలు బోర్లించుకుని ఇద్దరు కూలి మనుషులు, తలగుడ్డలు విప్పి దులుపుకుంటున్నారు. నన్ను చూడగానే మంగ మొహం తెల్లబోయింది. నా చేతిలో క్యారేజీ జారి మెట్టు మీద పడింది. మూత వంకరపోయింది అప్పుడే. అన్నం పోలేదు గానీ, దాని మాటలతో మూడు నెలలుగా నా కళ్ళముందు కట్టుకున్న కాలేజీ అంతా అక్కడ కూలిపోయింది.

నూకరత్నం తెలివైన మనిషి. కూలివాళ్ళనిద్దర్నీ చెయ్యిపట్టి లేపి అవతలికి తీసుకెళ్ళిపోయింది. అప్పుడు చెప్పింది మంగ. మొదటిరోజు క్లాసులో మాస్టారు పేరడిగితే లేచి నిలబడి, ఇంట్లో పెద్దవాళ్ళకి పెట్టినట్టు రెండు చేతులూ జోడించి, "నమస్కారమండి, నా పేరు మంగతాయారండి" అందట. క్లాసంతా నవ్వారట. అప్పట్నుంచి అది నడిచొస్తుంటే మొగపిల్లలు చేతులు జోడించేవారట. పాఠాలన్నీ ఇంగ్లీషు. ఒక్క ముక్క అర్థమయ్యేలోపు మూడు ముక్కలు వెళ్ళిపోతున్నాయట. మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక, కూలరు దగ్గర నీళ్ళు పట్టుకుంటూ నిలబడితే నూకరత్నమే "రండమ్మా" అని పిలిచిందట.

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు అన్నయ్యని వదిలి నాకోసం వచ్చావు కదా వదినా. నేను ఇలా ఉన్నానని ఎలా చెప్పను?" అని, ఏడవకుండా, నేల వైపు చూస్తూ అంది: "ఇంటికెళ్ళిపోదాం వదినా. నువ్వే చెప్పు అమ్మకి. నేను చెబితే చదవలేకపోయిందంటారు. ఇక్కడి నీళ్ళు నీకు పడలేదని చెప్పు. నీకూ వెళ్ళాలనే ఉంది, నాకు తెలుసు. పైవాటా తాళం మీద తుప్పు కూడా చూశాను."

అంటే దానికి ముందే తెలుసు. మూడు నెలలుగా లేని పిన్నిగారి మోకాళ్ళ గురించి తెలిసే అడిగింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఆగలేదు. దానికీ అంతే.

దాపరికం లేకుండా రాస్తున్నాను. ఆ మాటకి నా మనసు ముందు గెంతులేసింది. ఒక్క అబద్ధం చాలు, నా ఒంటి మీద వేసుకుని చెప్పే చిన్న అబద్ధం, వారంలో నేను మా ఇంట్లో, మా ఆయన దగ్గర ఉంటాను. ఎవరూ నన్ను తప్పుపట్టరు. ఆదివారం దాకా ఆ మాటలే మనసులో కూర్చుకున్నాను. బూత్‌లో ఫోను చెవికి ఆనించాను. "పిల్ల తింటోందా అమ్మాయ్?" అన్నారు అత్తగారు. సిద్ధం చేసుకున్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అద్దంలోంచి చూస్తే మంగ రోడ్డు అవతల నిలబడి ఉంది. నా వైపు కాదు, కాలేజీ వైపు చూస్తోంది. ఆ పిల్లర్లు అక్కణ్ణించి కనిపిస్తాయి. ఇంటికెళ్ళిపోదామన్న మనిషి చూసే చూపులా లేదు అది. "క్యారేజీ ఖాళీగానే వస్తోందండి," అన్నాను. అది అబద్ధం కాదు. ఫోను పెట్టేసి బయటికొచ్చాను.

"చెప్పావా?" అంది మంగ.

"శివరాత్రికి వాళ్ళే పట్టిసీమ వెళ్ళి, వస్తూ ఇక్కడ ఆగుతారట. అప్పుడు నువ్వే చెప్పుకో. నేను నీళ్ళు పడని మనిషిని కాను," అన్నాను. ఆ రాత్రి అది గోడవైపు తిరిగి పడుకుంది. నేనూ ఇటు తిరిగే పడుకున్నాను.

మర్నాటి నుంచి క్యారేజీ నేనే పట్టుకెళ్ళేదాన్ని. వాచ్‌మన్ అలవాటుపడ్డాడు. స్లాబు నీడలో ఐదుగురం తినేవాళ్ళం. కూలివాళ్ళలో ఒకామె పేరు చంటమ్మ, ఆ ఊచలూ కంకరా ఎక్కడెక్కడివో ఆమెకి తెలుసు. "మంగమ్మా, నీ పుస్తకంలో ఈ రింగులకి ఏం పేరెట్టారు?" అనేది. మంగ చెప్పేది. మొదట ఇంగ్లీషు మాట, తర్వాత తెలుగులో అదెందుకో, లేకపోతే ఏమవుతుందో. క్లాసులో వెళ్ళిపోయిన మూడు ముక్కలూ అక్కడ, అన్నం తింటూ, మాకు చెబుతూ వెనక్కి తెచ్చుకునేది. ఇంటికెళ్దామని మళ్ళీ అనలేదు. ఉంటానని కూడా అనలేదు. నేనూ అడగలేదు.

శివరాత్రి మర్నాడు మా అత్తగారు పట్టిసీమ నుంచి వస్తూ దిగారు, విభూతి పొట్లంతో, ఒక సంచితో. గదిలో కాళ్ళు కడుక్కోగానే సంచి విప్పారు. మూడు జాకెట్టు ముక్కలు, మూడు డజన్ల గాజులు. "నీ స్నేహితులకేనే. తీసుకెళ్ళి చూపించు," అన్నారు. మంగ నా వైపు చూసింది. నేను క్యారేజీ అందుకున్నాను. ముగ్గురం గేటు దాటి, వెయిటింగ్ రూము దాటి, కూలరు దాటి వెళ్ళాం. స్లాబు కింద నూకరత్నం, చంటమ్మ, ఇంకొకామె మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు. చేతులకి సిమెంటు. "వీళ్ళేనమ్మా," అంది మంగ. తర్వాత చెప్పింది, నవ్విన క్లాసు దగ్గర్నుంచి అన్నీ, ఏదీ దాచకుండా.

మా అత్తగారు వింటూ క్యారేజీ వంకర మూత వేళ్ళతో తడుముతున్నారు. విన్నాక నా వైపు తిరిగి, "నీకు తెలిసీ ఫోనులో నాకు చెప్పలేదు," అన్నారు. నేను తల దించుకున్నాను. ఆ మాట ఆవిడ తర్వాత చాలా ఏళ్ళు గుర్తుపెట్టుకున్నారు. తర్వాత మంగని అడిగారు: "ఇన్నాళ్ళలో నీకేం వచ్చిందో చెప్పు."

మంగ చుట్టూ చూసి, తలెత్తి స్లాబు చూపించింది. ఈ బరువు ఎటు నుంచి ఎటు దిగుతుందో, దూలం మధ్యలో ఊచలు కింద ఎందుకుంటాయో, పిల్లరు దగ్గర పైన ఎందుకుంటాయో చెప్పింది. మధ్యలో చంటమ్మ "ఔనండి, మేస్త్రీ కూడా అంతే అంటాడు" అంటూ సాక్ష్యం. అత్తగారికి అందులో ఎంత అర్థమైందో నాకు తెలీదు. పిల్ల మొహమే చూస్తున్నారు. అంతా అయ్యాక ముగ్గురికీ బొట్టు పెట్టి, జాకెట్టు ముక్కలూ గాజులూ ఇచ్చారు. సిమెంటు చేతులు కదా, వాళ్ళు పైట చాపి పుచ్చుకున్నారు. "ఇది ఎప్పటికవుతుందమ్మా?" అని అడిగారు చంటమ్మని.

"ఆషాఢానికి అయిపోద్దండి."

"అయితే అందాకా నువ్వుండు," అన్నారు నాతో. అంతే. మంగ చదువు ఆ ఒక్క మాటతో నిలబడింది. నాకు ఇంకో నాలుగు నెలలు పడ్డాయి. ఆ నాలుగు నెలలూ హాయిగా గడిచాయని రాస్తే అబద్ధం అవుతుంది. మధ్యాహ్నం గంటసేపు తప్ప మిగతా పగలంతా మునుపటి పగలే. లారీ హారను వినిపిస్తే గుమ్మంలోకి వెళ్ళేదాన్ని, అది వేరే లారీ అయ్యేది.

ఆషాఢంలో హాస్టలు అయిపోయింది. మేం అన్నం తిన్న చోట రెండు మంచాల గది వచ్చింది, కిటికీతో సహా. కట్టినవాళ్ళు సామాన్లు ట్రాక్టరులో వేసుకుని ఇంకో ఊరు వెళ్ళిపోయారు. మంగకి తోటి పిల్లలు ఆ గదుల్లోనే, నెమ్మదిగా, తర్వాత దొరికారు. నేను మండపేట వచ్చేశాను. మొదటిరోజు వంటింట్లో పదిమంది మధ్య నిలబడి, మిల్లు గంట కొట్టగానే క్యారేజీ కోసం చెయ్యి చాపాను. అందరూ నవ్వారు. మంగ ఇప్పుడు నీటిపారుదల శాఖలో పెద్ద ఇంజనీరు. ఫోను చేస్తే ఇప్పటికీ మొదట "పిన్నిగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి వదినా?" అంటుంది.

మొన్న పాత హాస్టల్లో, మేం అన్నం తిన్న చోట వచ్చిన ఆ గది కిటికీలోంచి చూశాను. విరిగిన కుర్చీలు పడేసుకున్నారు. నూకరత్నం గురించి అక్కడున్న కుర్రసెక్యూరిటీని అడిగితే తెలీదన్నాడు. కూలరు ఉన్నచోట పూలకుండీ ఉంది. నీళ్ళు ఇప్పుడు ప్రతి అంతస్తులోనూ వస్తున్నాయట, వేడివీ, చల్లవీ. మేం వచ్చేస్తుంటే హారిక భోజనాల హాల్లో ఒక బల్ల దగ్గర కంచం ముందు కూర్చుని ఫోను చూసుకుంటోంది. చుట్టూ రెండొందల మంది. నేను దగ్గరికెళ్ళి, "మధ్యాహ్నం ఎవరితో తిన్నావో రోజూ మీ అమ్మకి ఫోను చేసి చెప్పమ్మా. అబద్ధమైనా ఫర్వాలేదు, చెప్పు," అన్నాను. ఆ పిల్ల అర్థంకానట్టు తల ఊపింది.

నిన్న సత్యవేణి పిట్టగోడ మీంచి పిలిచింది, మొహం వెలిగిపోతూ. "మా హారికకి అప్పుడే ముగ్గురు స్నేహితులు అయ్యారటండి! నలుగురూ కలిసే తింటున్నారట!"

"మంచిదమ్మా," అన్నాను. లోపలికొచ్చి, స్టూలెక్కి, పైఅరలోంచి నాలుగు గిన్నెల క్యారేజీ కిందికి దించాను. చింతపండు వేసి తోమి, గిన్నెలు ఒక్కొక్కటే పెరట్లో ఎండకి బోర్లించాను. ఆదివారం ఆ పిల్లని చూడ్డానికి వెళ్దామని సత్యవేణితో చెప్పాలి. గోంగూర చేస్తాను, పచ్చిమిర్చి కాస్త ఎక్కువ వేసి.